ఎనుక చూపియ్యి బిడ్డా

"సూపర్ అక్కా" అనే మాట వింటే ఇప్పుడు నాకు ఒళ్లు మంట గానీ, ఆ మాట కోసమే పొద్దున్న లేవగానే ముఖం కూడా కడుక్కోకుండా ఫోను చూసుకున్న రోజులున్నాయి. చేతికుట్టు, అల్లికలు, బొంతలు, బొమ్మలు చేసే ఆడవాళ్ల గ్రూపు అది. ఎవరు ఏ ఫోటో పెట్టినా కింద అదే వరస: సూపర్ అక్కా, నైస్ అక్కా, రెండు చేతులు జోడించిన బొమ్మ, ఎర్ర గుండెలు. ఒకావిడ సగం కుట్టి వదిలేసిన దిండు గలీబు ఫోటో పొరపాటున పెట్టేసింది. దానికీ సూపర్లు పడ్డాయి. పాపం ఆవిడే సిగ్గుపడి తీసేసింది.

నన్ను ఆ గ్రూపులో చేర్పించింది మా బిడ్డ. ఆ అవసరం తెచ్చిపెట్టింది మాత్రం మా వియ్యపురాలు.

మా బిడ్డకు శ్రీమంతం చేసిన రోజు. గాజులు తొడగడం అయిపోయి అందరం విస్తళ్ల ముందు కూర్చున్నాం. పుట్టబోయే పిల్లకు తల్లిగారింటి నుంచి ఏమేం రావాలో పెద్దవాళ్లు మాట్లాడుకుంటున్నారు. మా ఇంట్లో తొట్టెల అనే ఉయ్యాలతో పాటు బొంత కూడా పెడతాం. కొత్త గుడ్డతో కుట్టిన బొంత కాదు. ఇంట్లో పెద్దవాళ్లు కట్టికట్టి, ఉతికిఉతికి మెత్తబడ్డ నూలు చీరలను పొరలు పొరలుగా పరిచి చేత్తో కుట్టింది. తొట్టెల్లో వేసినప్పుడు పిల్ల వీపుకు మొట్టమొదట తగలాల్సింది అదే. నాకు మా అమ్మమ్మ కుట్టింది, నా బిడ్డకు మా అమ్మ కుట్టింది. ఇప్పుడు వంతు నాది. ఆ మాట నేను ఎత్తగానే మా వియ్యపురాలు పులిహోర ముద్ద నోట్లో పెట్టుకుని, ఎంతో మర్యాదగా అంది:

"బొంతలు ఇప్పుడు ఎవలు ఏస్తాండ్రు వదినె? గుచ్చుకుంటయ్ గూడ. మెత్తటి బ్లాంకెట్లు వస్తానయ్ గద, మేమే తెస్తం తియ్యి. దుకాన్ల కూసునుడే అయితది నీకు, గీ కష్టమెందుకు?"

కాశిబుగ్గలో మాది కిరాణా దుకాణం. పొద్దంతా గల్లా దగ్గర కూర్చునేది నేనే, నిజమే. కానీ ఆవిడ అన్నది నా చెవికి వేరేలా వినపడింది. పప్పులు, ఉప్పులు పొట్లం కట్టేదానికి కుట్టేం తెలుసు అన్నట్టు వినపడింది. అరికాలి మంట నెత్తికెక్కింది.

"బొంత నేనే కుడ్త వదినె. తొట్టెల్ల ముందుగాల పడేది అదే. గుచ్చుకుంటె నీ చేతులతోటే తీసి అవుతల పెట్టు," అన్నాను.

పంక్తి మొత్తం విన్నది. మా ఆయన వడ్డిస్తున్న గరిటె అట్లాగే పట్టుకుని నా వైపు చూశాడు. ఎందుకు చూశాడో నాకు తెలుసు. నేను పుట్టి బుద్ధెరిగాక ఒక్క బొంత కుట్టలేదు. మా అమ్మ కుడుతుంటే పక్కన కూర్చుని సూదిలో దారం ఎక్కించి ఇచ్చానంతే. చెప్పడానికి ఇప్పుడు అమ్మ లేదు. మాట మాత్రం నలుగురిలో ఇచ్చేశాను. ఆ బొంతను పిల్ల కింద నుంచి ఆవిడ తీసి పక్కన పెట్టే రోజు వస్తే, నా బిడ్డ అత్తగారింట్లో ఆ కథ ఎన్నేళ్లు చెప్పుకుంటారో ఆలోచిస్తేనే ముద్ద దిగలేదు.

పెట్టె తెరిచాను. అమ్మవి రెండు నూలు చీరలు, మా అత్తమ్మది ఒకటి, నావి కొన్ని. దారానికి కొదవలేదు, మా వెనుక వీధిలో ఇంకా మగ్గం ఆడే ఇళ్లున్నాయి. గ్రూపులో ఫోటోలు చూస్తూ, మిగతాది గుర్తు తెచ్చుకుంటూ, దుకాణంలో బేరం లేని మధ్యాహ్నాలన్నీ కూర్చుని కుట్టాను. చివరికి నాకో ఆలోచన వచ్చింది. వియ్యపురాలి కళ్లు చెదరాలంటే ఉత్త నూలు చీరలు చాలవు. నా పెళ్లి పట్టుచీర జరీ అంచు కత్తిరించి నాలుగు వైపులా వేశాను. దుకాణం ముందు ఎండలో పరిస్తే బొంత ధగధగలాడింది. ఫోటో తీసి గ్రూపులో పెట్టాను.

ఇంక చూడండి. సూపర్లు, నైసులు, గుండెలు. "మీ చేతులకు దండం అక్కా" అని ఒకావిడ. నేను ఫోను పట్టుకుని మా ఆయనకు చదివి వినిపిస్తుంటే, శనగపప్పు కోసం వచ్చినాయన నిలబడి నిలబడి పక్క దుకాణానికి పోయాడు. పోతే పోనీ అనుకున్నాను.

అప్పుడు వచ్చింది ఆ కామెంటు. పేరున్న చోట ఏదో పేరు, ఫోటో ఉండాల్సిన చోట ఇత్తడి చెంబు. రాసింది ఒకటే ముక్క: "ఎనుక చూపియ్యి బిడ్డా."

ఎవరీమె అని వెతికితే, అందరినీ అదే అడుగుతుందని తెలిసింది. ఎవరు పూలు కుట్టినా, చిలకలు కుట్టినా, "ఎనుక చూపియ్యి." సూపర్ అని రాసిన పాపాన ఎప్పుడూ పోలేదు. "ఆమె అంతే అక్కా, పట్టించుకోకు" అని సూపరక్కలు నాకు ధైర్యం చెప్పారు. నేను ఆమెకు ఎనుకమ్మ అని పేరు పెట్టుకున్నాను.

పట్టించుకోకపోతే అయిపోయేది. కానీ నా నైజం అది కాదు. నాకేం భయం, చూపిస్తాను, అని బొంత తిరగేసి ఫోటో తీసి పెట్టాను. కాసేపటికి ఆమె జవాబు వచ్చింది. ఈసారి పొడుగ్గా ఉంది.

"కోపం చేసుకోకు బిడ్డా. ఎనుక అన్ని ముడులే ఉన్నయ్. పసిపిల్ల బొంతల ముడి ఉండద్దు, ఈపుకు ఒత్తుకుంటది. దారం గట్టిగ గుంజినవ్, అందుకే మడతలు పడ్డది. అంచుకు జరీ ఏసినవ్, అది పిల్ల చెంప కాడికే వస్తది. పసిగుడ్డుకు నోరుండది. గుచ్చుకుంటె ఏడుస్తది. ఎందుకు ఏడుస్తాందో మీకు తెల్వది. పాలకు అనుకుంటరు."

నాకు మండిపోయింది. నాకన్నా ముందు సూపరక్కలు లేచారు. "నెగెటివ్ మాటలొద్దు ఆంటీ" అని ఒకరు, "ఎంత కష్టపడ్డదో మీకేం ఎరుక" అని ఒకరు. నా తరఫున అంతమంది కొట్లాడుతుంటే, దాపరికమెందుకు, సంతోషంగానే ఉంది. అంతలో గులాబీ పువ్వు ఫోటో పెట్టుకున్నావిడ ఎవరో ఎనుకమ్మ కామెంటుకు లైకు కొట్టి పోయింది. ఆ ఖాతాకు సొంత పేరు కూడా లేదు, దేవుడి పేరు పెట్టుకుంది. పేరు చెప్పుకోలేనివాళ్లకు లైకులెందుకని ఆ గులాబీని కూడా తిట్టుకున్నాను.

సాయంత్రం మా ఆయనకు అంతా చెప్పాను. ఆయన ఆవాల బస్తా మూతి కడుతూ నిదానంగా అడిగాడు.

"ఇంతకు ముడులున్నయా, లేవా?"

"నువ్వు ఎవల దిక్కు మాట్లాడ్తానవ్?"

"నేను ఇంక పుట్టని పిల్ల దిక్కు," అన్నాడు.

ఆ రోజు ఆయనతో మాట్లాడలేదు. మర్నాడు మధ్యాహ్నం అన్నం తిన్నాక, ఎవరూ చూడకుండా, ఆ బొంత పరుచుకుని దాని మీదే ఒక పక్కకు తిరిగి పడుకున్నాను. ఏం గుచ్చుకుంటుందో చూద్దామని మొదలుపెట్టి అలాగే నిద్రపోయాను. లేచేసరికి వేళ దాటిపోయింది. గబగబా పోయి గల్లా దగ్గర కూర్చున్నాను. చింతపండు కోసం వచ్చిన వెనుకింటావిడ నన్ను చూసి నోరు తెరిచింది.

"చెంపకు ఏమైంది అక్కా, ఎవలన్న కొట్టిండ్రా?"

అద్దంలో చూసుకుంటే జరీ గళ్లు గళ్లుగా, ఎర్రగా, చెవి దగ్గర నుంచి ముక్కు దాకా అచ్చు పడి ఉంది. లోపల మా ఆయన నవ్వు ఆపుకోలేక దగ్గుతున్నాడు. పెళ్లయి, బిడ్డను కని, ఎండకు ఎండి వానకు తడిసి గట్టిపడ్డ నా చెంపే ఇట్లా అయితే, పసిగుడ్డు చెంప ఏమవుతుంది? కాకిపిల్ల కాకికి ముద్దే గానీ, దానికి పరుపు వేసేటప్పుడు ముద్దు చూసుకుంటే సరిపోదు.

ఆ సాయంత్రమే ఎనుకమ్మకు విడిగా మెసేజి పెట్టాను. తెలుగులో కొట్టడం చేతగాక చాలాసేపు పట్టింది. "పెద్దమ్మా, ముడి లేకుండ ఎట్ల మొదలువెట్టాలె?"

ఆమె ఏమీ రాయలేదు. వీడియో పంపింది. అందులో ముఖం లేదు, చేతులే ఉన్నాయి. వేళ్లు కణుపుల దగ్గర వంకరపోయాయి, మణికట్టుకు ఆకుపచ్చ మట్టి గాజులు. కుట్టు మొదలుకావాల్సిన చోటికి నాలుగు వేళ్ల ఇవతల సూదిని పైపొరలో గుచ్చింది. దాన్ని పొరల మధ్యలో నుంచే నడిపి, కుట్టు మొదలయ్యే చోట పైకి తేల్చింది. దారం కొస లోపలికి పోయి కనపడకుండా పోయింది. మొదటి కుట్టు మీదే ఇంకో చిన్న కుట్టు వేసి, దారాన్ని లాగి చూపించింది. ఊడలేదు. "గిట్ల. దారం గుంజకు, పట్టుకుంటె సాలు," అన్న గొంతు మాత్రం వినపడింది. ఆ వీడియో ఎన్నిసార్లు చూశానో నాకే తెలియదు.

బొంత మొత్తం విప్పాను. కుట్టడం కంటే విప్పడం కష్టం. కాన్పుకు ఇంటికి వచ్చిన మా బిడ్డ నిండు పొట్టతో గోడకు ఆనుకుని కూర్చుని, నేను బ్లేడుతో కోసిన దారం ముక్కలు ఒక్కొక్కటే ఏరింది.

"అమ్మా, పిల్ల పుట్టేవరకు అయితదా?"

"పిల్లను జర ఆగుమను," అన్నాను.

నవ్వింది గానీ దాని ముఖంలో ఫికర్ కనపడింది. అటు అత్త, ఇటు అమ్మ. నా పంతానికి మధ్యలో నలిగేది అదే. అది చూశాక నా చేయి ఇంకా జోరందుకుంది.

మళ్లీ మొదటి నుంచి కుట్టాను. జరీ పెట్టెలోకి పోయింది. దాని బదులు అమ్మ చీర కొంగు మడిచి అంచుకు వేశాను. గల్లా దగ్గర ఒక చేత్తో సూది, ఒక చేత్తో చిల్లర. "నూనె ప్యాకెట్ అడిగితె దారం ఉండ ఇస్తానవ్" అని మా ఆయన సణుగుడు. కొంత కుట్టగానే గ్రూపులో పెట్టేదాన్ని, ముందు వైపు కాదు, వెనుకే. సూపరక్కలకు ఏం రాయాలో తోచలేదు. వెనుక ఫోటోకు సూపర్ అనడం వాళ్లకు అలవాటు లేదు. ఎనుకమ్మ మాత్రం ప్రతిసారీ వచ్చేది. "ఇక్కడ కుట్టు పెద్దగయింది." "ఈ వరస వంకర వోయింది." ఒకసారి చేయి నొప్పిపుట్టి, ఎవరు చూస్తారులే అని మూలలో ఒక్క ముడి వేసి మడత కింద దాచాను. "ఎడమ దిక్కు మూలకు ఏందో దాసినవ్ బిడ్డా" అని రాసింది. ఒక్కదాన్నే కూర్చుని పకపకా నవ్వి, ఆ ముడి విప్పేశాను. ఇంత దూరం నుంచి, ఇంత చిన్న ఫోటోలో, నా బొంతను ఇంత శ్రద్ధగా చూసినవాళ్లు ఇంకెవరున్నారు? గుండె బొమ్మ పెట్టడానికి వేలు ఒకసారి తాకితే చాలు. ముడి పట్టుకోవాలంటే ఫోటో పెద్దది చేసి, అద్దాలు పెట్టుకుని, కూర్చుని చూడాలి. ఆ మనిషి మీద నాకు అప్పుడే ప్రేమ పుట్టింది.

ఆ రోజుల్లోనే ఒక చిన్నపిల్ల తల్లి ఆవాల దిండు ఫోటో పెట్టింది. పసిపిల్లల తల గుండ్రంగా రావాలని ఆవాలు పోసి కుట్టే దిండు. ముందు వైపు బాతుబొమ్మ, ముచ్చటగా ఉంది. సూపర్లు పడుతున్నాయి. నేను ఫోటో పెద్దది చేశాను. ఒకటే వరస కుట్టు, అదీ ఎడంఎడంగా. కుట్టు సంగతి నాకు కొత్త గానీ, ఆవాల సంగతి కొత్త కాదు. సంచికి సూదిమొన అంత సందు దొరికితే చాలు, దుకాణమంతా ఆవాలే. ఎట్లా రాయాలో తెలియక రెండు సార్లు కొట్టి చెరిపేశాను. చివరికి ఇట్లా రాశాను: "బాతు మంచిగున్నది చెల్లె. మాది కిరాణ దుకాణం, ఆవాలు ఎట్ల కారుతయో నాకెరుక. కుట్టు ఇంకో వరస దగ్గరదగ్గరగ ఎయ్యి. ఒక్క గింజ జారితె పిల్ల ముక్కుల పోతది."

"మీకెందుకు ఆంటీ" అని ఒక్కటే జవాబు. ఎనుకమ్మకు ఇన్నాళ్లూ ఎట్లా ఉండేదో అర్థమైంది. కానీ చెరిపేయలేదు. కొన్నాళ్లకు ఆ పిల్ల తనే మెసేజి పెట్టింది. పక్క దులుపుతుంటే రెండు గింజలు దొరికాయట. దిండు విప్పి రెండు వరసలు వేసి, దాని వెనుక ఫోటో నాకు పంపింది. ఆ రోజు మా దుకాణానికి వచ్చిన పిల్లలందరికీ బెల్లం ముక్క పెట్టాను.

మా బిడ్డకు నొప్పులు వచ్చేసరికి బొంతలో చివరి వరసలు మిగిలే ఉన్నాయి. దవాఖానకు పోయేటప్పుడు బట్టల సంచిలో దాన్ని కూడా పెట్టుకున్నాను. ఆడపిల్ల పుట్టింది. బిడ్డ మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఆఖరి కుట్టు వేసి, దారం కొసను పొరల్లోకి పంపించాను. ఆ ఫోటో మాత్రం గ్రూపులో పెట్టలేదు. పెట్టే తీరిక ఎక్కడిది?

తొట్టెల వేసే రోజు వచ్చింది. హన్మకొండ నుంచి మా వియ్యపురాలు చుట్టాలతో దిగింది. చేతిలో నిగనిగలాడే కవరు, దానిలో గులాబీ రంగు బ్లాంకెట్. అన్న మాట ప్రకారం తెచ్చింది. పసుపు రాసి పూలు కట్టిన తొట్టెల్లో బొంత పరిచాను. పిల్లను ఎత్తుకుని మా బిడ్డ పక్కనే నిలబడింది. ముత్తైదువలంతా చుట్టూ చేరారు.

"జర ఆగు వదినె," అంది వియ్యపురాలు.

అందరూ ఆగారు. ఆవిడ కవరు తన ఆడబిడ్డ చేతికిచ్చి, తొట్టెల్లో నుంచి బొంతను తీసింది. మా బిడ్డ తల వంచుకుంది. వియ్యపురాలు బొంతను తిరగేసింది. వెనుక వైపు అరచేయి ఆనించి ఈ కొస నుంచి ఆ కొస దాకా మెల్లగా రాసింది. ఎడమ వైపు మూల దగ్గర మడత విప్పి వేలితో వెతికింది. తర్వాత అంచు పట్టుకుని తన చెంపకు రుద్దుకుంది.

"ఇక్కడ జరీ ఉండె గద," అంది.

జరీ సంగతి ఇంట్లో మా ముగ్గురికి, గ్రూపు వాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు. ముగ్గురం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఆవిడ నవ్వు ఆపుకుంటోంది.

"గులాబి పువ్వు నేనే వదినె. శ్రీమంతం అయినంక నీ పట్టుదల చూసి, నువ్వు ఆ గ్రూపుల ఉన్నవని కోడలు చెప్తె, నేను గూడ చేరిన. ఆ ముడులు, ఆ జరీ ఫోటోల చూసిన కాన్నుంచి నాకు ఒక్కటే ఫికర్. పిల్ల చెంపకు గీసుకుంటదని ఇది కొనుక్కొచ్చిన."

"ఆ ఒక్క మాట నాకు ఫోన్ చేసి చెప్తె ఏం పోయె వదినె?"

"నేను చెప్తె నువ్వు ఇంటవా? ఆ పెద్దమనిషి చెప్తెనే మూతి ముడుచుకున్నవ్."

ఇల్లంతా నవ్వింది. మా ఆయన అందరికన్నా గట్టిగా నవ్వాడు. వియ్యపురాలు బొంతను ఇంకోసారి తడిమి చూసి, నలుగురూ వినేలా అంది: "ఒక్క ముడి దొరుకుతలేదు. ఎంత చెయ్యి పెట్టినా దొరుకుతలేదు." తర్వాత తన చేతులతోనే బొంతను తొట్టెల్లో పరిచింది. కవరును విప్పకుండానే మా బిడ్డకిచ్చి, చలికాలం పైన కప్పడానికి దాచమంది. నా కళ్లు నిండాయి. గెలిచాను. ఎవరి మీద అని అడిగితే చెప్పలేను, ఎందుకంటే ఆ నిమిషాన మా వియ్యపురాలి ముఖం నా ముఖం కన్నా ఎక్కువ వెలిగిపోతోంది.

పిల్లను పడుకోబెట్టే ముందు ఆవిడే ఫోను తీసి, బొంతను మళ్లీ తిరగేసి, వెనుక ఫోటో తీసి గ్రూపులో పెట్టింది. "మా వదినె కుట్టిన బొంత" అని రాసింది. అప్పుడు పిల్లను తొట్టెల్లో వేశాం, పాటలు పాడాం. పిల్ల ఏడవలేదు. అటు ఇటు చూసి, నోరు చప్పరించి, చెంపను అమ్మ చీర కొంగుకు ఆనించి నిద్రపోయింది.

భోజనాలయ్యాక వియ్యపురాలు, నేను పక్కపక్కన కూర్చుని ఫోను చూశాం. సూపర్లు ఎప్పటిలాగే ఉన్నాయి. వాటి కింద ఇత్తడి చెంబు.

"మంచిగున్నది బిడ్డా. ఇగ ముందర చూపియ్యి."

ఆవిడ ఫోను నా చేతికిచ్చింది. నేను తడుముకుంటూ ఒక్కో అక్షరం కొట్టాను: "ఇప్పుడు కుదరది పెద్దమ్మా. ముందర మీద మా మనుమరాలు పండుకున్నది."